నిల్వ నుంచి లభ్యతకు: పర్మాఫ్రాస్ట్ నేలల పోషకాలపై అధ్యయన చరిత్ర

వ్యాస సంగ్రహం

కనీసం రెండేళ్ళపాటు ఎడతెగకుండా సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద గాని, అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో గాని ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. వాతావరణ మార్పుపై జరిగే చర్చల్లో ఈ నేల ప్రధానంగా కర్బన నిల్వగానే కనిపిస్తుంది. కర్బనంతోపాటు గడ్డకట్టిన నత్రజని, భాస్వరం, కాల్షియం, సిలికాన్, ఇనుము వంటి మూలకాలు నేల కరిగాక ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు అందుతాయన్న ప్రశ్న ఆలస్యంగా ముందుకు వచ్చింది. 19వ శతాబ్దంలో యాకుత్స్క్ పట్టణంలో తవ్విన బావి మొదలుకొని ఇటీవలి ఖనిజ అధ్యయనాల వరకు ఆ ప్రశ్న రూపుదిద్దుకున్న క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేలలోని నిల్వనే లభ్యతగా భావించిన అంచనాలను క్షేత్ర ప్రయోగాలు ఎలా సరిదిద్దాయో వివరిస్తుంది.

కీలక పదాలు: పర్మాఫ్రాస్ట్, పోషక లభ్యత, నత్రజని, భాస్వరం, అలాస్, యెడోమా, టండ్రా, వాతావరణ మార్పు.

1. ప్రవేశిక

తెలుగు రాష్ట్రాల్లో రైతు చేతికి అందే భూసార పరీక్ష పత్రంలో "లభ్య నత్రజని", "లభ్య భాస్వరం", "లభ్య పొటాష్" అనే మాటలు కనిపిస్తాయి. ఇక్కడ "లభ్య" అనే విశేషణం చాలా ముఖ్యమైనది. నేలలో ఒక మూలకం మొత్తం ఎంత ఉందన్నది ఒక లెక్క. అందులో పైరు వేరు అందుకోగలిగింది ఎంతన్నది మరొక లెక్క. భాస్వరం పుష్కలంగా ఉన్నా, అది కాల్షియంతోనో ఇనుముతోనో గట్టిగా బంధం ఏర్పరచుకుని ఉంటే పైరుకు దక్కదు. నత్రజని ఎంత ఉన్నా, కుళ్ళని సేంద్రియ పదార్థంలో చిక్కుకుని ఉంటే మొక్కకు దాదాపు లేనట్టే.

ఉష్ణమండల వ్యవసాయంలో చిరపరిచితమైన ఈ భేదం ఉత్తర ధ్రువ పరిసరాల నేలల విషయంలో మరింత తీవ్రరూపం దాలుస్తుంది. అక్కడ పోషకాలను బంధించే శక్తుల్లో రసాయనిక బంధాలతోపాటు చలి కూడా ఒకటి. రష్యా, కెనడా, అలాస్కా, స్కాండినేవియా ఉత్తర భాగాలు, గ్రీన్‌లాండ్ అంచులు, టిబెట్ పీఠభూమి వంటి చోట్ల విస్తరించిన పర్మాఫ్రాస్ట్ ఉత్తరార్ధగోళపు భూభాగంలో సుమారు 15 శాతం మేర ఉంది. దీనిపైన వేసవిలో కరిగి శీతాకాలంలో తిరిగి గడ్డకట్టే పలుచని పొర ఉంటుంది. దానిని క్రియాశీల పొర అంటారు. మొక్కల వేళ్ళు, సూక్ష్మజీవుల చురుకైన జీవనం చాలావరకు ఈ పొరకే పరిమితం. దాని కిందనున్నదంతా వేల ఏళ్ళుగా చలువలో భద్రపడిన సరుకు వంటిది.

వేసవులు వేడెక్కేకొద్దీ క్రియాశీల పొర లోతుగా పెరుగుతోంది. నేల కింది మంచుగడ్డలు కరిగిన చోట్ల ఉపరితలం కుంగి గుంటలు పడుతోంది. ఈ పరిణామంపై రెండు విరుద్ధమైన అభిప్రాయాలు వినిపిస్తూ వచ్చాయి. కరిగిన నేల పోషకాలను విడుదల చేస్తుంది కనుక మొక్కలు ఏపుగా పెరిగి, గాలిలోని కర్బనాన్ని గ్రహించి, నష్టాన్ని కొంతైనా పూడుస్తాయన్నది మొదటిది. అవే పోషకాలు సూక్ష్మజీవులకు బలమిచ్చి పాత కర్బనాన్ని మరింత వేగంగా కుళ్ళిస్తాయన్నది రెండవది. ఈ రెండింటిలో ఏది ఎక్కడ నిజమవుతుందో తేల్చేది నిల్వల మొత్తం కాదు, వాటి లభ్యత. ఈ విషయం శాస్త్రలోకానికి స్పష్టం కావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

2. యాకుత్స్క్ బావి: గడ్డకట్టిన నేల ఉనికికి రుజువు

18వ శతాబ్దంలో రెండవ కంచట్కా యాత్రలో పాల్గొన్న ప్రకృతి శాస్త్రవేత్త యోహాన్ గేయోర్గ్ గ్మేలిన్ సైబీరియాలో వేసవిలోనూ కరగని నేల ఉందని నమోదు చేశారు. ఐరోపా పండితుల్లో కొందరు దీనిని నమ్మలేదు. జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫాన్ బుఖ్ సందేహానికి మూలం మొక్కల్లోనే ఉంది. పొదలు, చెట్లు పెరుగుతున్న నేల అడుగున శాశ్వతంగా గడ్డకట్టి ఉండటం అసంభవమని ఆయన భావించారు. ఆ వాదన తప్పే అయినా, దాని వెనుక ఉన్న ప్రశ్న సరైనదే. వేరు దిగలేని నేలమీద చెట్టు ఎలా బతుకుతుంది? యాకుతియాలోని లార్చ్ అడవులే దీనికి సమాధానం. ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా కురవని ప్రాంతంలో లార్చ్ చెట్లు క్రియాశీల పొరలో అడ్డంగా వేళ్ళు పరుచుకుని బతుకుతాయి. కింద గడ్డకట్టిన నేల నీటిని ఇంకిపోనివ్వదు. చెట్టు వేళ్ళను అడ్డుకునే నేలే దానికి నీటిని నిలిపి ఉంచుతుంది.

సందేహాన్ని తీర్చినది ఒక బావి. యాకుత్స్క్‌లో రష్యన్-అమెరికన్ కంపెనీ వ్యవహారాలు చూసే ఫ్యోదర్ షెర్గిన్ 1828లో నీటి కోసం బావి తవ్వించడం మొదలుపెట్టారు. నీరు పడలేదు. విజ్ఞాన ప్రయోజనాన్ని దృష్టిలో ఉంచుకుని తవ్వకం కొనసాగింది. 1837లో పని ఆగేనాటికి బావి లోతు సుమారు 116 మీటర్లు. అడుగు ఇంకా గడ్డకట్టే ఉంది. సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి చెందిన కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ సైబీరియా భూగర్భ మంచుపై అప్పటికి తెలిసిన సమాచారాన్నంతా సేకరించి, సైబీరియా యాత్రకు వెళ్ళే అలెగ్జాండర్ ఫాన్ మిడెన్‌డార్ఫ్‌కు మార్గదర్శకంగా అందించారు. 1843 నాటి ఆ రచన పూర్తి గ్రంథంగా వెలువడింది 2001లో. మిడెన్‌డార్ఫ్ 1844లో షెర్గిన్ బావిలో వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచి, కిందికి వెళ్ళేకొద్దీ చలి తగ్గుతున్న తీరును నిర్ధారించారు.

ఈ దశలో శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్నలు రెండే: గడ్డకట్టిన నేల ఉందా, ఉంటే ఎంత లోతు ఉంది? థర్మామీటరు ఆ ప్రశ్నలకు తగిన పరికరం. అందులో ఏముంది, అది బయటపడితే ఏమవుతుంది అనే ప్రశ్నలు వారి ముందుకు ఇంకా రాలేదు. అదే ప్రాంతపు పశుపాలకులకు మాత్రం అవి నిత్యజీవిత విషయాలు.

3. అలాస్: కరిగిన నేలమీద నిలిచిన బతుకు

మధ్య లేనా లోయలో స్థిరపడిన సఖా ప్రజలు టర్కిక్ భాషా కుటుంబానికి చెందినవారు. వారి పూర్వికులు దక్షిణం నుంచి గుర్రాలతో, పశువులతో అక్కడికి చేరారు. తైగా అడవిలో పశువులకు గడ్డి దొరకడం కష్టం. ఆ లోటును తీర్చినవి "అలాస్" అనే పచ్చిక పల్లాలు. వేల ఏళ్ళ కిందట వాతావరణం వేడెక్కిన కాలంలో నేలలోని పెద్ద మంచు గుదులు కరిగి ఉపరితలం కుంగింది. పల్లంలో చెరువు ఏర్పడింది. కాలక్రమంలో చెరువు కుంచించుకుపోయిన మేర పచ్చిక పెరిగింది. చుట్టూ లార్చ్ అడవి, నడుమ గడ్డి మైదానం, దాని మధ్య నీరు: ఇది అలాస్ రూపం. సఖా జాతి పశుపోషణ, ఎండుగడ్డి సేకరణ, స్థిరనివాసాలు చాలావరకు దీని చుట్టూనే అల్లుకున్నాయి.

పోషకాల దృష్టితో చూస్తే అలాస్ ఒక సహజ ప్రయోగశాల వంటిది. గడ్డకట్టిన ఒండ్రులో చిక్కుకున్న పోషకాలు నేల కరిగాక చెరువు అడుగుకు, ఆపై పచ్చికకు చేరాయి. అయితే అన్నీ ఒకేలా అందలేదు. చెరువుకు దగ్గరగా తడి గడ్డి, నడుమ మంచి మేత, అంచున పొడినేల గడ్డి వలయాలుగా ఏర్పడ్డాయి. కురిసే వానకంటే ఆవిరయ్యే నీరు ఎక్కువ కనుక కొన్ని అలాసుల్లో లవణాలు పేరుకుని నేల చౌడు బారింది. కరిగిన నేల సారవంతం అయిందా లేదా అన్నది నీటి మట్టం, నేల వాలు, గడిచిన కాలం కలిసి నిర్ణయించాయి.

ఈ జ్ఞానం భాషలో నిలిచింది. నేల కుంగడంలోని ఒక్కొక్క దశకు సఖా భాషలో ఒక్కొక్క పేరుంది. సోవియట్ శాస్త్రవేత్త సొలొవ్యోవ్ 1959లో లేనా-అమ్గా నదుల మధ్య ప్రాంతంలో అలాస్ ఏర్పడే దశలను వర్గీకరించినప్పుడు ఆ పేర్లనే వాడారు. "అలాస్" అనే మాట ఆ విధంగా అంతర్జాతీయ శాస్త్ర పదజాలంలోకి వచ్చింది. దాని వెనుకనున్న మేత, ఎండుగడ్డి, చౌడు అనుభవం మాత్రం అదే వేగంతో శాస్త్రంలోకి రాలేదు. నేటి కరుగుదల ఆ అనుభవానికి కూడా కొత్తదే. అడవి నరికి సాగు చేసిన మైదానాల్లో అడుగు మంచు కరిగి నేల దిబ్బలు దిబ్బలుగా చీలడం వల్ల యాకుతియాలో కొన్ని పొలాలు బీడుపడ్డాయి. కుంగిన నేల పచ్చికగా మారడానికి శతాబ్దాలు పడుతుంది. అంతకాలం ఆగే వీలు ఒక తరం రైతుకు లేదు.

4. "శాశ్వతం" అనే భావన

20వ శతాబ్దంలో ఈ అధ్యయనం ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది. మిఖాయిల్ సుమ్గిన్ 1927లో సోవియట్ దేశపు గడ్డకట్టిన నేలలపై వెలువరించిన గ్రంథం దీనికి పునాది. రష్యన్ భాషలో "శాశ్వత ఘనీభవనం" అనే అర్థమిచ్చే పదం ఆ గ్రంథం ద్వారా స్థిరపడింది. "శాశ్వతం" అనే విశేషణంపై సోవియట్ శాస్త్రవేత్తల్లోనే అభ్యంతరాలు వచ్చాయి. ప్రకృతిలో ఏదీ శాశ్వతం కాదని, "బహువార్షికం" అనాలని తరవాతి వారు సూచించారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ భూగర్భ శాస్త్రవేత్త సీమన్ ముల్లర్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం కోసం రష్యన్ రచనలను క్రోడీకరిస్తూ 1943లో "పర్మాఫ్రాస్ట్" అనే ఇంగ్లీషు పదాన్ని రూపొందించారు. రష్యాలో వివాదాస్పదమైన శాశ్వతత్వం ఇంగ్లీషు పదంలో అలాగే ఉండిపోయింది.

పదంతోపాటు ఒక దృక్పథం కూడా వచ్చింది. సైబీరియా రైలుమార్గం, అలాస్కా హైవే, గనులు, విమానాశ్రయాలు, పైపులైన్లు ఆ కాలపు అవసరాలు. నేల కుంగితే కట్టడం కూలుతుంది కనుక కరగకుండా చూడటమే శాస్త్రవేత్తలకు అప్పగించిన పని. గడ్డకట్టిన నేలను భద్రమైన భాండాగారంగా భావించే ఊహ కూడా అప్పటిదే. జంతు కళేబరాలను, రాతప్రతులను వేల ఏళ్ళు చెడకుండా దాచే భూగర్భ మ్యూజియాన్ని పర్మాఫ్రాస్ట్‌లో నిర్మించాలని సుమ్గిన్ ప్రతిపాదించారు. ఆ ఆలోచన ప్రేరణతో రష్యాలోని ఇగార్కాలో ఒక మ్యూజియం ఏర్పడింది. దాచినది చెడదన్న ఈ నమ్మకంలో ఒక సత్యం ఉంది. చలిలో కుళ్ళు ఆగుతుంది. కుళ్ళు ఆగినందువల్లే పోషకాలు ఎవరికీ అందవు. ఈ రెండవ సగాన్ని గుర్తించినది ఇంజనీర్లు కారు, జీవావరణ శాస్త్రవేత్తలు.

5. టండ్రాలో ఎరువుల ప్రయోగాలు

అలాస్కా ఉత్తర కొసన, నేడు ఉత్కియాగ్విక్ అనే పేరున్న బారో ప్రాంతంలో 1947లో అమెరికా నౌకాదళం ఆర్కిటిక్ పరిశోధనాలయాన్ని నెలకొల్పింది. అక్కడ ఫ్రాంక్ పిటెల్కా, ఆర్నాల్డ్ షుల్ట్‌జ్ లెమ్మింగ్ అనే ఎలుక జాతి జంతువులను గమనించారు. వాటి సంఖ్య మూడు నాలుగేళ్ళకోసారి విపరీతంగా పెరిగి, హఠాత్తుగా పడిపోయేది. 1964లో వారు దీనికి పోషకాలతో ముడిపడిన వివరణ ఇచ్చారు. లెమ్మింగులు గడ్డిని నేలమట్టంగా మేసిన ఏడు నేలపై ఎండుటాకుల కప్పు పోతుంది. నేల లోతుగా కరుగుతుంది. పోషకాలు వేళ్ళకు అందని లోతుకు చేరి, గడ్డిలో భాస్వరం తగ్గుతుంది. మేత నాణ్యత పడిపోయి లెమ్మింగుల సంఖ్య క్షీణిస్తుంది. మళ్ళీ ఆకుచెత్త పేరుకుని పోషకాలు పైపొరలో కూడేదాకా కోలుకోవడం ఉండదు. లెమ్మింగుల హెచ్చుతగ్గులకు ఇదొక్కటే కారణమన్న వాదనను తరవాతి పరిశోధనలు సమర్థించలేదు. అయినా కరుగుదల లోతును, పోషక లభ్యతను, జంతు జీవనాన్ని ఒకే సూత్రంలో చూసిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. లోతుగా కరిగినంత మాత్రాన మొక్కకు ఎక్కువ అందదన్న సూచన అందులోనే ఉంది.

అంతర్జాతీయ జీవశాస్త్ర కార్యక్రమంలో భాగంగా 1970 నుంచి బారోలో జరిగిన టండ్రా అధ్యయనం పోషకాల లెక్కలను విస్తృతంగా కట్టింది. నత్రజని, భాస్వరాల్లో అత్యధిక భాగం కుళ్ళని సేంద్రియ పదార్థంలోనే ఉందని, మొక్కల చేతికి ఏటా చిక్కేది స్వల్పమని తేలింది. 1975లో అలాస్కాలోని టూలిక్ సరస్సు వద్ద పరిశోధన కేంద్రం మొదలయ్యాక ప్రశ్న ప్రయోగరూపం దాల్చింది. టెర్రీ చేపిన్, గస్ షేవర్ తదితరులు టండ్రా మడులకు ఎరువులు వేసి చూశారు. కొన్ని మొక్కలు విజృంభించాయి, కొన్ని వెనుకబడ్డాయి. ఒక్కొక్క జాతి స్పందన ఒక్కో తీరుగా ఉంది.

1990ల ఆరంభంలో వచ్చిన రెండు ఫలితాలు లభ్యత గురించిన అవగాహనను మార్చాయి. మొదటిది నాడెల్‌హోఫర్ బృందం 1991లో వెలువరించినది. ఆరు రకాల ఆర్కిటిక్ నేలలను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి, సేంద్రియ రూపంలోని పోషకాలు ఖనిజ రూపానికి మారే వేగాన్ని వారు కొలిచారు. 3 నుంచి 9 డిగ్రీల మధ్య ఆ వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 9 నుంచి 15 డిగ్రీలకు పెంచినప్పుడు రెట్టింపు, అంతకుమించి పెరిగింది. వేడికీ లభ్యతకూ మధ్య సంబంధం సరళరేఖ కాదని దీనివల్ల తెలిసింది. రెండవది 1993లో చేపిన్, మొయిలనెన్, కీలండ్ చూపినది. ఎరియోఫోరమ్ అనే తుంగ జాతి మొక్క శిలీంధ్రాల సాయం లేకుండానే అమైనో ఆమ్లాల రూపంలో సేంద్రియ నత్రజనిని నేరుగా పీల్చుకోగలదు. మొక్కకు ఖనిజ నత్రజని మాత్రమే పనికివస్తుందన్న పాత సూత్రంతో కొలిస్తే ఆర్కిటిక్ నేలలో లభ్యత అసలు విలువకంటే తక్కువగా కనిపిస్తుంది. లభ్యత నేలకు మాత్రమే చెందిన గుణం కాదు. ఏ మొక్కకు, ఏ రూపంలో అన్నది కూడా అందులో భాగమే.

ఈ పరంపరలో అత్యంత ప్రభావం చూపినది మిషెల్ మాక్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం. టూలిక్ వద్ద 1981 నుంచి ఏటా చదరపు మీటరుకు 10 గ్రాముల నత్రజని, 5 గ్రాముల భాస్వరం వేసిన మడులను 20 ఏళ్ళ తరవాత తవ్వి చూశారు. తుంగ గుబుర్ల స్థానంలో పొట్టి బిర్చ్ పొదలు దట్టంగా పెరిగాయి. నేలపైన కర్బనం పెరిగింది. నేల లోపలి పొరల్లో మాత్రం దానిని మించిన కర్బనం నష్టమైంది. అన్నీ కలిపి చూస్తే చదరపు మీటరుకు దాదాపు 2 కిలోల కర్బనం తరిగిపోయింది. పచ్చదనం పెరిగితే చాలు, కర్బనం లెక్క సరిపోతుందన్న భరోసా ఈ ప్రయోగంతో సడలింది. కంటికి కనిపించే పొద పెరుగుదల, కంటికి కనిపించని నేల తరుగుదల ఒకే ఎరువు ఫలితాలు.

6. కర్బనం లెక్క వెంట నత్రజని లెక్క

2006లో సెర్గేయ్ జిమోవ్, టెడ్ షూర్, చేపిన్ కలిసి రాసిన సంక్షిప్త వ్యాసం పర్మాఫ్రాస్ట్ కర్బనాన్ని ప్రపంచ వాతావరణ చర్చ కేంద్రానికి తెచ్చింది. ఆ తరవాతి అంచనాల ప్రకారం ఉత్తర పర్మాఫ్రాస్ట్ ప్రాంతంలో ఉన్న సేంద్రియ కర్బనం వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఇందులో యెడోమా అనే నిక్షేపాల పాత్ర పెద్దది. మంచుయుగంలో గాలి మోసుకొచ్చిన సన్నని ధూళి, నీరు తెచ్చిన ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుంటూ, గడ్డి వేళ్ళతో సహా వెనువెంటనే గడ్డకట్టడంతో సైబీరియా, అలాస్కాల్లో ఈ నిక్షేపాలు ఏర్పడ్డాయి. కొన్ని చోట్ల వీటి మందం పదుల మీటర్లు. మామత్‌లు మేసిన గడ్డిభూముల అవశేషాలు ఇవే. నాటి నేల సారానికి మేతజంతువుల పేడ, మూత్రాల ద్వారా పోషకాలు వేగంగా తిరిగి నేలకు చేరడమే కారణమని జిమోవ్ వాదించారు. వాతావరణ మార్పే ఆ భూముల అంతానికి మూలమని భావించేవారు ఆయనతో విభేదించారు.

నత్రజని లెక్క కర్బనం లెక్క కంటే ఆలస్యంగా వచ్చింది. యెన్స్ స్ట్రౌస్ నేతృత్వంలో 2022లో వెలువడిన అధ్యయనం యెడోమా ప్రాంతంలోనే సుమారు 41 గిగాటన్నుల నత్రజని ఉందని అంచనా వేసింది. పర్మాఫ్రాస్ట్ ప్రాంతమంతటికీ అంతకుముందున్న అంచనా దీనితో 46 శాతం మేర పెరిగింది. అందులో దాదాపు 37 గిగాటన్నులు ఇప్పటికీ గడ్డకట్టే ఉంది. సంఖ్య భారీది. అయితే అది నిల్వ సంఖ్య. కరిగే నత్రజని చేరగల దారులు మూడు: మొక్క వేరు, సూక్ష్మజీవి, గాలి లేదా నీరు. ఈ మూడింటి మధ్య పంపకం ఎలా జరుగుతుందన్నదే ఇటీవలి పరిశోధనల సారాంశం.

మొక్క పక్షాన ఆధారాలున్నాయి. ఉత్తర స్వీడన్‌లోని అబిస్కో పీట్ నేలల్లో ఫ్రిడా కోయ్‌పర్ బృందం 2012లో చేసిన అధ్యయనంలో, కరుగుదల అంచున ఉన్న గడ్డకట్టిన నేల పైపొరకంటే ఎక్కువగా మొక్కలకు అందే నత్రజనిని విడుదల చేసింది. లోతైన వేళ్ళున్న జాతులే దానిని వాడుకోగలవని వారి తరవాతి ప్రయోగం చూపింది. దీనికి కాలం కూడా తోడవ్వాలి. నేల అత్యంత లోతుగా కరిగేది వేసవి చివర, శరదృతువులో. అప్పటికి చాలా మొక్కల ఆకులు పండుబారి ఉంటాయి. అయినా వేళ్ళు, వాటితో కలిసి జీవించే శిలీంధ్రాలు ఆ తరవాత కూడా కొంత పోషకాన్ని గ్రహిస్తాయని అలాస్కాలో జరిగిన పరిశీలనలు తెలిపాయి. శీతాకాలానిదీ ఒక పాత్ర ఉంది. పొదలు మంచును పట్టి నిలుపుతాయి. మంచు దుప్పటి కింద నేల అంతగా చల్లబడదు. సూక్ష్మజీవులు చలికాలంలోనూ నత్రజనిని విడుదల చేస్తాయి. వసంతంలో అది పొదలకే ఉపకరిస్తుంది.

సూక్ష్మజీవుల పక్షాన ఉన్న ఆధారాలు కలవరపెట్టేవి. కోయ్‌పర్ తదితరులు 2020లో వేళ్ళ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నారు. వేళ్ళు నేలలోకి వదిలే చక్కెరలు, ఇతర పదార్థాలు సూక్ష్మజీవులకు తక్షణ ఆహారమై, అవి పాత సేంద్రియ పదార్థాన్ని మరింతగా కుళ్ళించేలా చేస్తాయి. దీనివల్ల పర్మాఫ్రాస్ట్ ప్రాంతంలో నేల శ్వాసక్రియ సుమారు 12 శాతం పెరుగుతుందని, 2100 నాటికి అదనంగా 40 గిగాటన్నుల మేర కర్బనం నష్టం కావచ్చని వారి అంచనా. మొక్క ఏపుగా పెరగడమే నేల కర్బనానికి ముప్పు కావడం ఇందులోని విశేషం.

మూడవ దారి వాతావరణానికి చేరుతుంది. నత్రజని తక్కువ అనుకునే టండ్రా నేలలు నైట్రస్ ఆక్సైడ్‌ను వదలవని చాలాకాలం భావించారు. బరువుకు బరువుగా చూస్తే ఆ వాయువు నూరేళ్ళ కాలంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడిమిని పట్టి ఉంచుతుంది. రష్యా ఐరోపా భాగంలోని టండ్రాలో మొక్కలు లేని పీట్ వలయాల నుంచి ఆ వాయువు గణనీయంగా వెలువడుతున్నట్లు 2009లో తేలింది. అక్కడ వేళ్ళు లేవు. ఖనిజ నత్రజనిని తీసుకునే పోటీదారు లేకపోవడంతో అది సూక్ష్మజీవుల ద్వారా వాయువుగా మారింది. సైబీరియా నదీతీరాల్లో కరిగి కూలుతున్న యెడోమా గట్లపైనా ఇటువంటి ఫలితమే 2021లో నమోదైంది. నేల కరిగిన తొలినాళ్ళలో కంటే, అది ఆరి, నిలకడ చెంది, నత్రజనిని మార్చే సూక్ష్మజీవులు స్థిరపడ్డాక ఈ ఉద్గారం పెరిగింది.

7. ఖనిజాల పాత్ర

నత్రజని కథ ప్రధానంగా సేంద్రియ పదార్థానిది. భాస్వరం కథ ఖనిజాలది. ఆర్కిటిక్ నేలల్లో భాస్వరాన్ని పట్టి ఉంచే ముఖ్యమైన పదార్థం ఇనుప ఆక్సైడ్లు. గాలి ఆడే నేలలో అవి ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టుకుంటాయి. నేల కరిగి కుంగి నీరు నిలిస్తే ప్రాణవాయువు తగ్గుతుంది. కొన్ని సూక్ష్మజీవులు శ్వాసక్రియకు ఇనుమును వాడుకోవడంతో ఆక్సైడ్లు కరుగుతాయి. ఫాస్ఫేట్, దానితోపాటు ఇనుముకు అంటిపెట్టుకున్న కర్బనం నీటిలోకి వస్తాయి. అబిస్కో సమీపంలోని స్టోర్డాలెన్ పీట్ భూమిలో మోనిక్ పాట్జ్‌నర్ బృందం 2020లో ఈ క్రమాన్ని చూపింది. ఇనుము కర్బనాన్ని కాపాడుతుందన్న నమ్మకం కరుగుదల ముందు నిలవదని వారి ఫలితాల అర్థం. ఆ నీరు తిరిగి గాలి తగిలే చోటికి చేరితే ఇనుము మళ్ళీ ఆక్సైడ్‌గా మారి ఫాస్ఫేట్‌ను బంధిస్తుంది. ఒకే వాలులో పైన దొరకని భాస్వరం కింద దొరకవచ్చు, ఇంకొంత దూరంలో మళ్ళీ దొరకకుండా పోవచ్చు.

ఈ సమీకరణంలోకి సిలికాన్, కాల్షియం కూడా వస్తాయి. ఇనుప ఖనిజాలపై ఫాస్ఫేట్ కూర్చునే స్థానాలకు కరిగిన సిలికాన్ పోటీపడుతుంది. సిలికాన్ పెరిగితే ఆర్కిటిక్ నేలల్లో భాస్వర లభ్యత పెరుగుతుందని యోర్గ్ షాలర్ తదితరులు 2019లో ప్రయోగపూర్వకంగా తెలిపారు. కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి దానిని అందకుండా చేయగలదు, సేంద్రియ పదార్థాన్ని ఖనిజాలకు అతికించి నిలపగలదు. లోతు పొరల్లో ఈ మూలకాల పాళ్ళు పైపొరలో ఉన్నట్టే ఉండవు. కాబట్టి కరుగుదల కొత్త పోషకాలను కలపడంతో ఆగదు, ఉన్న పోషకాల మధ్య పోటీ నియమాలను కూడా మారుస్తుంది. ఆర్కిటిక్ నేలలన్నింటిలో కాల్షియం, భాస్వరం, సిలికాన్ వంటి మూలకాల లభ్యతను పటంగా రూపొందించే ప్రయత్నం 2023లో వెలువడింది. మొత్తం నిల్వను కాక లభ్య భాగాన్ని పటానికి ఎక్కించడం ఈ చరిత్రలో ఒక మలుపు.

నేల దాటి నీటిలోకి వెళ్ళే ఖనిజాలు మరో అధ్యాయం. కెనడా వాయవ్యాన ఉన్న పీల్ పీఠభూమిలో పెద్ద వాలులు కరిగి జారి, గతంలో గాలి, నీరు తగలని ఒండ్రును బయటపెడుతున్నాయి. అందులోని గంధక ఖనిజాలు ఆక్సీకరణం చెంది గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సున్నపురాతి ఖనిజాలను కరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని స్కాట్ జోల్కోస్ తదితరులు 2018లో చూపారు. రాయి కరిగితే వాతావరణంలోని కర్బనం తగ్గుతుందన్న సాధారణ సూత్రం ఇక్కడ తలకిందులైంది. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతశ్రేణిలో 75 వాగులు నారింజ రంగుకు మారినట్లు 2024లో ఒక పరిశోధక బృందం నమోదు చేసింది. కరిగే నేల నుంచి బయటపడిన ఇనుము, ఆమ్లం, ఇతర లోహాలు దానికి కారణంగా భావిస్తున్నారు. మొక్కకు కొద్ది మోతాదులో అవసరమైన ఖనిజమే వాగులో చేపకు విషం కావచ్చు.

సముద్రం దృష్టిలో మాత్రం ఇదే ప్రవాహం ఆహారం. ఆర్కిటిక్ మహాసముద్రంలో మొక్కజాతి సూక్ష్మజీవుల ఉత్పత్తిలో దాదాపు మూడోవంతుకు నదులు, తీరపు కోత మోసుకొచ్చే పోషకాలు ఆధారమని 2021 నాటి ఒక అధ్యయనం అంచనా వేసింది. నేలకు నష్టమైనది సముద్రానికి లాభంగా చేరుతుంది. ఆ లాభం ఎంతకాలం, ఏ తీరంలో అన్నది నది తెచ్చే రూపంపై ఆధారపడుతుంది.

8. ముగింపు

పర్మాఫ్రాస్ట్ నేలల పోషకాలపై జరిగిన అధ్యయన చరిత్రను పరిశీలిస్తే ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

* 19వ శతాబ్దంలో గడ్డకట్టిన నేల ఉనికి, లోతు ప్రధాన ప్రశ్నలయ్యాయి. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో కట్టడాల భద్రత ముందుకు వచ్చింది. ఈ రెండు దశల్లోనూ నేల మార్పులేని భాండాగారంగానే కనిపించింది.

* కరిగిన నేల సారవంతమవుతుందని, చౌడు కూడా బారుతుందని సఖా పశుపాలకుల అలాస్ అనుభవం ముందే తెలిపింది. శాస్త్రం వారి పదాలను స్వీకరించినంత త్వరగా ఆ అనుభవసారాన్ని స్వీకరించలేదు.

* ఎరువుల ప్రయోగాలు లభ్యతను కొలవదగిన అంశంగా మార్చాయి. నేలపై పచ్చదనం పెరుగుతూనే నేల లోపల కర్బనం తరగవచ్చని 20 ఏళ్ళ టూలిక్ ప్రయోగం నిరూపించింది.

* నత్రజని మొక్కకు, సూక్ష్మజీవికి, వాతావరణానికి మధ్య పంపకమయ్యే తీరును వేళ్ళ లోతు, ఋతువు, నీటి మట్టం నిర్ణయిస్తాయి. భాస్వరం విషయంలో ఇనుము, సిలికాన్, కాల్షియాల పరస్పర సంబంధం నిర్ణాయకం.

ఈ అంశాల వల్ల ఒక పద్ధతి సంబంధమైన హెచ్చరిక కూడా లభిస్తుంది. గిగాటన్నుల్లో చెప్పే నిల్వ సంఖ్యలు ప్రమాద తీవ్రతను తెలుపుతాయి, ఫలితాన్ని తెలుపవు. పచ్చబడుతున్న టండ్రాను ఉపగ్రహ చిత్రంలో చూసి నష్టం పూడుతోందని భావించడం, నిల్వ సంఖ్యను చూసి అంతా ఒక్కసారిగా వెలువడుతుందని భావించడం ఒకే పొరపాటుకు రెండు రూపాలు. రెండింటిలోనూ లోపించినది లభ్యతా విచారమే. యాకుతియా పశుపాలకునికి రాబోయే ఏళ్ళలో మేత దొరుకుతుందా, బ్రూక్స్ పర్వతాల వాగుల్లో చేపలు మిగులుతాయా, టండ్రా నేల కర్బనాన్ని పట్టి ఉంచుతుందా వదులుతుందా అనే ప్రశ్నలకు సమాధానం ఆ విచారంలోనే ఉంది. షెర్గిన్ బావిలో థర్మామీటరు దించిన నాటి శాస్త్రం నేల ఎంత చల్లగా ఉందో చెప్పగలిగింది. నేటి శాస్త్రం ఆ చలి తొలగిన చోట ఏ మూలకం ఎవరి పాలవుతుందో చెప్పవలసి ఉంది.